చేతిలో ఇమిడేంత పని

మొదలుపెట్టింది మధ్యలో ఆగిపోతోందంటూ వచ్చిన ఉత్తరాల్లోంచి ఈ నెల ఆరు తీసుకున్నాం. ఒకరిది అల్లిక, ఒకరిది నవల, ఒకరిది బొమ్మలు. ఇబ్బంది మాత్రం అందరిదీ ఒకటే: పని ఎంతుందో, దానికి దొరికే సమయమెంతో పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. అందుకే జవాబుల్లో లెక్కలు ఎక్కువున్నాయి. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని మీ అంకెలు వేసుకుంటూ చదవండి.

ప్రశ్న: క్రోషేతో దుప్పటి మొదలుపెట్టాను. ఒక్కో చదరం 10 సెంటీమీటర్లు. అడ్డంగా 12, నిలువుగా 15 కావాలి. ఏడాదికి 41 చదరాలే అయ్యాయి. ఆ సంచి చూస్తేనే నీరసం వస్తోంది. విప్పేయమంటారా?

జవాబు: విప్పకండి. ఆ సంచిలో ఒక కుషన్ కవరుకు సరిపడా చదరాలు తయారుగా ఉన్నాయి. దాని సంగతికి వచ్చేముందు మీ లెక్కలో ఏం జారిపోయిందో చూద్దాం.

12ను 15తో హెచ్చిస్తే 180 చదరాలు. మీరు అక్కడితో లెక్క ఆపేశారు. చదరానికి మూడు రంగులు వాడుతున్నారనుకుందాం. ప్రతి రంగుకూ మొదట్లో ఒక కొస, చివర్లో ఒక కొస. చదరానికి ఆరు కొసలు, 180 చదరాలకు 1,080. ప్రతి కొసనూ సూదికెక్కించి, అల్లికలోంచి 5 సెంటీమీటర్లు ఒకవైపు లాగి, తిప్పి మళ్లీ ఎదురువైపు కొంత లాగాలి. ఒకవైపే లాగి కత్తిరిస్తే నాలుగు ఉతుకులకే జారి బయటికొస్తుంది. కొసకు నిమిషం చొప్పున వేసుకున్నా 18 గంటలు. ఆపైన చదరానికీ చదరానికీ మధ్య అతుకులు: 333. అతుకుకు మూడు నిమిషాలనుకుంటే దాదాపు 17 గంటలు. అంటే ఒక్క చదరం కూడా అల్లకుండానే 35 గంటల పని మీకోసం కాచుకుని ఉంది. మీ నీరసానికి కారణం బద్ధకం కాదండీ. ఆ 35 గంటలూ సంచిలో ఉన్నాయని చేతులకు తెలుసు.

ఇప్పుడు చేయాల్సింది. 41లోంచి 32 తీయండి. ముందువైపు 4 వరసలు నాలుగేసి, వెనకవైపు అలాగే. 40 సెంటీమీటర్ల కుషన్ కవరు అవుతుంది. లోపలి అతుకులు వైపుకు 24, రెండువైపులా 48, చుట్టూ అంచు 16, మొత్తం 64. కొసలు 192. రెండు పనులకూ కలిపి ఆరున్నర గంటలు. రోజుకు అరగంట కూర్చున్నా రెండు వారాల్లో తేలిపోతుంది.

ఏడాది పొడవునా అల్లారు కాబట్టి చెయ్యి బిగువు మారి ఉంటుంది. చదరాలన్నీ ఒకే కొలతలో ఉండవు. అతకడానికి ముందు ప్రతిదాన్నీ స్కేలుతో కొలవండి. ఉన్నివైతే తడిపి, మందపాటి గుడ్డమీద 10 సెంటీమీటర్లకు సాగదీసి, గుండుసూదులు గుచ్చి ఆరనివ్వండి. అక్రిలిక్ దారమైతే కాస్త ఎత్తునుంచి ఆవిరి మాత్రమే పట్టాలి. ఇస్త్రీపెట్టె ఆనిందంటే దారం అణగారిపోయి మళ్లీ లేవదు. అప్పటికీ అర సెంటీమీటరు తక్కువైన చదరాలకు చుట్టూ ఇంకో వరస సింగిల్ క్రోషే (క్రోషేలో మామూలు పొట్టి కుట్టు) వేయండి. మిగిలిన 9ని మూడు మూడుగా కలిపితే బల్లమీద పరచుకోవడానికి 30 సెంటీమీటర్ల ముక్క వస్తుంది.

తర్వాతి పనికి ఒక్క పద్ధతి పెట్టుకోండి. కొసలు దాచనిదే ఆ చదరాన్ని సంచిలో వేయకూడదు. దానికోసం దారం తెంపేటప్పుడు 15 సెంటీమీటర్లు వదలండి. అంతకన్నా పొట్టి కొస సూదికి ఎక్కాక తిరగదు. చివరి వరస అల్లేటప్పుడే పక్క చదరానికి కలుపుకుంటూ పోయే పద్ధతి నేర్చుకుంటే విడిగా అతికే పనే ఉండదు.

ప్రశ్న: ఆరేళ్లుగా నవల రాయాలని ప్రయత్నం. మూడుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ నాలుగో అధ్యాయం దగ్గరే ఆగిపోతోంది. నాకు పట్టుదల లేదా?

జవాబు: మూడుసార్లూ ఒకేచోట ఆగారంటే అది పట్టుదల సమస్య కాదు, కట్టడం సమస్య. మొదటి మూడు అధ్యాయాల్లో మనుషుల్ని తీసుకొస్తూ పోతాం. ఆ పని హాయిగానే సాగుతుంది. కానీ వచ్చిన ప్రతి మనిషీ ఒక బాకీ. ఎందుకొచ్చాడో చెప్పాలి, ఎవరితో తగువో ఎవరితో పొత్తో చూపాలి, చివరికి ఏమయ్యాడో తేల్చాలి. నాలుగో అధ్యాయానికి ఆ బాకీలన్నీ ఒక్కసారిగా గుమ్మంలో నిలబడతాయి.

ముందు మీ సమయం కొలవండి. రెండు వారాలపాటు ఏ రోజు ఎన్ని నిమిషాలు కూర్చున్నారో, ఎన్ని పదాలు రాశారో గోడ క్యాలెండరులో గుర్తుపెట్టండి. తర్వాత సగటు తీయకండి, ఆ రెంటిలో తక్కువ పని జరిగిన వారాన్నే లెక్కకు తీసుకోండి. ఇంట్లో జ్వరాలు, ఆఫీసులో ఒత్తిడి ఏడాదిలో చాలాసార్లు వస్తాయి. పని కొలత అలాంటి వారానికి సరిపోతే మంచి వారాల్లో ఎలాగూ సాగుతుంది. తక్కువ వారంలో మూడుసార్లు కూర్చుని, కూర్చున్నప్పుడల్లా 300 పదాలు రాశారనుకోండి, వారానికి 900. నవలకు 60 వేల పదాలనుకుంటే ఒట్టి మొదటి ప్రతికే 67 వారాలు. తిరగరాయడానికి అంతే వేసుకుంటే రెండున్నరేళ్లు. అదే 1,500 పదాల కథ రెండు వారాల్లోపే మొదటి ప్రతి అవుతుంది. నెలలోపు తిరగరాయడం కూడా అయిపోతుంది.

నవలలోంచి కథను తీయడానికి ఒక దారి ఉంది. ఆ నవల రాయాలని మీకు అనిపించిన అసలు ఘట్టం ఒకటి ఉంటుంది. దాన్ని ఒక్క వాక్యంలో రాయండి. ఉదాహరణకు: ఇల్లు ఖాళీ చేస్తున్న రోజు, సామాను బండి రావడానికి గంట ముందు, గోడ గడియారం ఎవరు తీసుకెళ్లాలో తేలక అక్కాతమ్ముళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఇప్పుడు మీ పాత్రల పట్టిక తీసి, ఈ గదిలో లేనివాళ్ల పేర్లన్నీ కొట్టేయండి. పెద్దనాన్న, పక్కింటి టీచరు, అక్క భర్త అందరూ వెళ్లిపోతారు. మరీ అవసరమైతే ఎవరో ఒకరు మాటల్లో వచ్చిపోవచ్చు. చోటు ఒకటే గది. కాలం ఒకటే గంట, ఆ బండి వచ్చేవరకూ. గడియారం దించాక గోడమీద మిగిలే తెల్లటి గుండ్రటి మచ్చ దగ్గర కథ ఆగవచ్చు. మీరు ఆరేళ్లుగా మోస్తున్న బరువులో చాలా భాగం ఆ గంటలోకే వస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. పదాలు తగ్గిస్తారు, కాలాన్ని తగ్గించరు. నలభై ఏళ్ల కుటుంబ చరిత్రను 1,500 పదాల్లో పెడితే అది చదవడానికి కథాసంగ్రహంలా ఉంటుంది. 'ఆ తర్వాత', 'కొన్నేళ్లకు' అనే మాటలు మీ ప్రతిలో రెండుసార్లకు మించి కనిపిస్తే కత్తెర ఇంకా పడాలన్నమాట. పూర్తయ్యాక వారంరోజులు పక్కన పెట్టి, ఆపైన పైకి చదవండి. చాలాసార్లు మొదటి పేరా తీసేయవచ్చు. అది రచయిత వేడెక్కడానికి రాసుకున్నది.

రోజూ రాత ఆపి లేచేముందు, రేపు రాయాల్సిన మొదటి వాక్యాన్ని ఒక చీటీమీద రాసి పెట్టండి. తెల్లకాగితం ముందు గడిచిపోయే పది నిమిషాలు మిగులుతాయి. అరగంటలో పది నిమిషాలంటే మూడో వంతు!

అదే ఇంట్లో, అదే అక్కాతమ్ముళ్ల జీవితంలో మరో గంటను తర్వాత కథగా రాయవచ్చు. అలా ఐదారు పోగైతే నవల దానంతటదే కనబడవచ్చు, కనబడకపోనూవచ్చు. ఏ కథకు ఆ కథ విడిగా నిలబడితే మీరు నష్టపోయేదేమీ లేదు.

ప్రశ్న: చేత్తో బొమ్మలు గీసి రెండు నిమిషాల యానిమేషన్ చేయాలని ఉంది. ఒక్కడినే. రోజుకు అరగంట దొరుకుతుంది. ఎన్నాళ్లు పడుతుంది?

జవాబు: సినిమా వేగం సెకనుకు 24 ఫ్రేములు. చేత్తో గీసేవాళ్లు సాధారణంగా ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలుపుతారు, అంటే సెకనుకు 12 బొమ్మలు. రెండు నిమిషాలకు 1,440. గీయడం, ఇంకు వేయడం, ఫోటో తీయడం కలిపి బొమ్మకు పది నిమిషాలైతే 240 గంటలు. రోజుకు అరగంట చొప్పున, ఒక్క రోజూ తప్పకుండా, 480 రోజులు. రంగులు వేస్తే ఇంకా పెరుగుతుంది.

బదులుగా రెండు సెకన్ల ముక్క చేయండి, ఆగకుండా తిరుగుతూ ఉండేలా. కిటికీలో కూర్చున్న పిల్లి తోక ఊపుతోంది. కిటికీ, పిల్లి ఒంటి బొమ్మ ఒకే ఒక్కసారి గీస్తారు. తోక మాత్రం విడి కాగితాల మీద 24 సార్లు. తోక ఒక్కటే కాబట్టి ఐదు నిమిషాలకు ఒకటి అవుతుంది. రెండు గంటలు, అంటే నాలుగు అరగంటలు. ఇంకో నాలుగు రోజులు ఒంటి బొమ్మకు, ఫోటోలకు పెట్టుకోండి.

తోక విషయంలో చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఊపు రెండు చివర్లలోనూ బొమ్మలు దగ్గర దగ్గరగా, మధ్యలో ఎడంగా ఉండాలి. సమానమైన ఎడంతో గీస్తే తోక గడియారం ముల్లులా కదులుతుంది. తోక మొదలు ముందు కదులుతుంది, కొస ఒకటి రెండు బొమ్మలు వెనకబడి వస్తుంది. అందుకే కుడికి వెళ్లినప్పటి బొమ్మల్నే తిరగేసి ఎడమకు వాడుకుంటే చూడగానే తేడా తెలుస్తుంది, కొస ముందే పరిగెడుతుంది. ఇంకొకటి: 24వ బొమ్మ మొదటి బొమ్మలాగే ఉండకూడదు. మొదటిదానికి ఒక్క అడుగు వెనక ఉండాలి. రెండూ ఒకటే అయితే తిరిగిన ప్రతిసారీ అక్కడ చిన్న కుదుపు వస్తుంది.

కాగితాలు జరగకుండా రెండు చిల్లుల పంచ్‌తో అన్నింటికీ ఒకేచోట చిల్లులు వేసి, చెక్కమీద బిగించిన రెండు మేకులకు తగిలించండి. ఫోను స్టాండులో బిగించి, ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేయండి. కిటికీ తెర మూసి టేబుల్ లైటు వెలుగులోనే తీయండి. పగటి వెలుతురు నిమిషనిమిషానికీ మారుతుంది. ఆ మార్పు వీడియోలో మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది, గీత ఎంత బాగున్నా దాన్ని కప్పిపుచ్చలేం.

ప్రశ్న: వాటర్‌కలర్స్ వేస్తాను. అన్నీ తీసి పరచడానికి, తర్వాత కడిగి సర్దడానికే ఇరవై నిమిషాలు. ఇక వేసేదెప్పుడు?

జవాబు: అరగంటలో ఇరవై పోతే పది నిమిషాలు. మీరు కాగితం సైజు తగ్గించినా ఆ ఇరవై తగ్గదు, కాబట్టి కత్తెర ముందు దానిమీదే పడాలి.

ఒక మూత ఉన్న డబ్బా చాలు. అందులో ట్యూబులు కాకుండా బిళ్ల రంగులు: ఒక పసుపు, ఒక ఎరుపు, ఒక నీలం. పిడిలో నీళ్లు నింపుకునే బ్రష్ ఒకటి, పాత గుడ్డముక్క ఒకటి. గిన్నెలు, పళ్లేలు అక్కర్లేదు. మూతే కలిపే పళ్లెం. సర్దడమంటే బ్రష్ గుడ్డకు తుడిచి మూత వేయడమే. తడి పూర్తిగా ఆరాక మూత వేస్తే మేలు, లేకపోతే బిళ్లలకు బూజు పడుతుంది.

కాగితం 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్నది) తీసుకోండి, పల్చనిది తడికి ముడతలు పడుతుంది. ఒక ఏ4ను నాలుగు చేస్తే 105 మిల్లీమీటర్లకు 148 కొలతలో ఏ6 ముక్కలు వస్తాయి. నెలకు సరిపడా ఒకేసారి కోసి, డబ్బా మూతకు క్లిప్పుతో పెట్టండి. చిన్న కాగితం మీద సన్నబ్రష్ వాడాలనిపిస్తుంది. వద్దు. సన్నబ్రష్‌తో కూర్చుంటే ఏ6 మీద కూడా గంట పడుతుంది. పెద్ద బ్రష్‌తో మూడు నాలుగు ముద్దల్లో తేలిపోయే దృశ్యం ఎంచుకోండి: ఒక కప్పు, దాని నీడ, బల్ల అంచు. వీధి మొత్తం ఏ6లో పెట్టాలని చూస్తే బొమ్మా కుదరదు, సమయమూ మిగలదు.

ప్రశ్న: వారం వారం పాడ్‌కాస్ట్ అని ప్రకటించాను. తొమ్మిదో వారం తప్పిపోయింది. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలంటే శ్రోతలకు ముఖం చూపలేకపోతున్నాను.

జవాబు: 'మొదటి విడత ఎనిమిది భాగాలతో పూర్తయింది' అని ఒక నిమిషం ఆడియో పెట్టేయండి. అది అబద్ధమేమీ కాదు, ఎనిమిది భాగాలు అక్కడున్నాయి కదా. రెండో విడత తేదీ మాత్రం ఇప్పుడే చెప్పకండి.

రెండో విడత ఆరు భాగాలు, ఒక్కోటి ఎనిమిది నిమిషాలు, అతిథులు లేకుండా. అతిథి అనగానే ఇద్దరి ఖాళీ కలవాలి, రెండు మైకుల శబ్దం సరిచూడాలి. నాలుగు భాగాలు రికార్డు చేసి సిద్ధమయ్యాకే మొదటిది విడుదల చేయండి. చేతిలో ఎప్పుడూ రెండు భాగాల నిల్వ ఉండాలి. నిల్వ ఒకటికి పడిందంటే వారానికొకటి అన్నది రెండు వారాలకొకటి అని అప్పుడే చెప్పేయండి, తప్పిపోయాక కాదు.

ఎడిటింగే ఎక్కువ సమయం తినేది. తప్పు మాట్లాడినప్పుడు ఆపకుండా ఒక చప్పట్లు కొట్టి, ఆ వాక్యం మొదటినుంచి మళ్లీ చెప్పండి. తెరమీద శబ్దపు గీతలో చప్పట్లు నిట్టనిలువు ముల్లులా కనిపిస్తాయి. మొత్తం విననవసరం లేకుండా ముల్లు ఉన్నచోటికి వెళ్లి కోసుకుంటారు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంటే 'ప', 'భ' అక్షరాల గాలిపోటు తగలదు. బట్టల బీరువా తెరిచి దాని ముందు కూర్చుంటే గది మోత చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: పిల్లలకోసం బొమ్మల పుస్తకం చేయాలని ఉంది. 32 పేజీలు నావల్ల కావట్లేదు. ఎంత చిన్నదైతే పుస్తకం అనిపించుకుంటుంది?

జవాబు: ఒక ఏ4 కాగితం, ఒక కత్తిరింపు, ఎనిమిది పేజీలు. కుట్టు, జిగురు అక్కర్లేదు. ఒక్కో పేజీ 74 మిల్లీమీటర్లకు 105, ఏ7 కొలత. ముందు అట్ట, వెనక అట్ట పోను కథకు ఆరు పేజీలు. రెండేసి పేజీలు ఎదురెదురుగా వస్తాయి కాబట్టి నిజానికి మీకున్నవి మూడు దృశ్యాలు: ఒకటి జరిగింది, చిక్కొచ్చింది, తేలింది. పేజీకి ఒక బొమ్మ, రెండు వరసల మాటలు. బొమ్మలు కాగితానికి ఒకవైపే వేయాలి.

కాగితాన్ని అడ్డంగా పెట్టండి. మడతలతో నాలుగు నిలువు వరసలు, రెండు అడ్డు వరసలు, మొత్తం ఎనిమిది గళ్లు చేయండి. ఇప్పుడు పొట్టి అంచులు రెండూ కలిసేలా సగానికి మడవండి. మడతవైపు నుంచి, మధ్య అడ్డుగీత మీదుగా, తర్వాతి గీత వరకూ మాత్రమే కత్తిరించండి. విప్పితే కాగితం నడిమధ్య 148 మిల్లీమీటర్ల చీలిక కనిపిస్తుంది. ఇప్పుడు పొడుగు అంచులు కలిసేలా మడిచి, రెండు చివరలూ పట్టుకుని లోపలికి తోయండి. చీలిక తెరుచుకుని నాలుగు రెక్కలవుతుంది. ఒకవైపుకు సర్దితే పుస్తకం.

పేజీల వరస దగ్గరే అందరూ తప్పుతారు. కింది వరసలో ఎడమనుంచి కుడికి 8, 1, 2, 3. ఇవి నిటారుగా ఉంటాయి. పై వరసలో ఎడమనుంచి 7, 6, 5, 4. ఇవి నాలుగూ తలకిందులుగా ఉండాలి. 1 ముందు అట్ట, 8 వెనక అట్ట. చాలా ప్రింటర్లు అంచులదాకా అచ్చు వేయవు కాబట్టి ప్రతి గడిలో చుట్టూ 5 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. మడత అటూఇటూ జరిగినా బొమ్మ పక్క పేజీలోకి పోదు. అసలు బొమ్మలు గీసేముందు ఒక చిత్తుకాగితాన్ని మడిచి కత్తిరించి, పుస్తకంగా చేసి, పేజీల మీద 1 నుంచి 8 దాకా అంకెలు, తల ఎటుందో ఒక బాణం గుర్తు వేయండి. దాన్ని విప్పి బల్లమీద ఎదురుగా పెట్టుకుని గీయడం మొదలుపెట్టండి.